టమాటాల క్షేమసమాచారం

మా పెద్దాయనకు ఒకే ఒక్క పిచ్చి: ఆయన టమాటాలను పలకరిస్తారు. పలకరించి ఊరుకుంటే సరదా మనిషి అనుకుని సరిపెట్టుకోవచ్చు. జవాబు వచ్చేదాకా కదలరు.

కూరగాయలు కుళ్లిపోకుండా ఉంచే ప్యాకింగ్ కవర్లు తయారుచేసే చోట మా ఉద్యోగం. లవంగనూనె కలిపిన పల్చటి కవర్లలో టమాటాలు పెట్టి, కోల్డ్ రూమ్‌లో అరల మీద పేర్చి, ఎన్నో రోజున బూజు పడుతుందో చూడాలి. పెద్దాయన ఆ విభాగానికి అధికారి. నేను కొత్తగా చేరినదాన్ని, ఆరు నెలలు గడిస్తే గానీ ఉద్యోగం ఖాయం కాదు.

ఆ గది సంగతి చెప్పాలి. కిటికీ ఉండదు. నలభై రోజుల నాటి టమాటాలు నిన్న కోసినట్టు నిగనిగలాడుతూ మనవైపే చూస్తుంటాయి. ముసలివి కావలసినవి ముసలివి కాకపోతే ముచ్చటేయదు, భయమేస్తుంది. పైగా ఫ్యాను తిరిగినప్పుడల్లా కవర్లన్నీ ఒక్కసారిగా ఉబ్బి, మెల్లగా అణుగుతాయి.

చేరిన మొదటి వారంలోనే నేను లోపలుండగా తలుపు గొళ్లెం పట్టేసింది. పావుగంట బాదితే ఎవరో తీశారు. నవ్వుతూనే బయటికొచ్చాను గానీ, ఆ తర్వాత గొళ్లెం మార్చినా నా భయం పోలేదు; లోపలికెళ్లే ముందు దాన్ని నాలుగుసార్లు తీసి వేసి చూసుకునేదాన్ని. పైకి చెబితే ఇంకేముంది? రోజూ రెండు గంటలు లోపల ఒంటరిగా బూజు మచ్చలు లెక్కపెట్టలేని మనిషిని ఎవరు ఉంచుకుంటారు? నోరు మూసుకున్నాను.

అలాంటి చోటికి పెద్దాయన అరగంటకోసారి వచ్చేవారు. తలుపు బార్లా తీసి, గుమ్మంలోనే నిలబడి, "ఏమ్మా, అంతా బాగున్నారా?" అని అరలను అడిగేవారు. ఆపైన చెవి రిక్కించేవారు. ఎక్కడ ఏ టమాటా పలుకుతుందోనని నేను అర చాటున బిగుసుకుపోయేదాన్ని. నేను దగ్గితేనో, నా పెన్ను కింద పడితేనో, సరేసరే అని గొణుక్కుంటూ వెళ్లిపోయేవారు.

భోజనాల దగ్గర ఆయన మీద అన్నీ జోకులే. దోసకాయలను ఎందుకు పలకరించరని ఎవరో అడిగితే, వాటికి పొగరెక్కువ అన్నారట. పలకరిస్తే ఇంకో రెండు రోజులు నిలుస్తాయని రిపోర్టులో రాయమంటారా అని మేనేజరునే ఎదురడిగారట.

ఒకరోజు నాకు ఒళ్లు మండింది. ఈయన్నే ఓసారి హడలగొడితే పీడ వదులుతుందనుకున్నాను. ఆయన అలవాటు ప్రకారం క్షేమం అడగగానే, అర వెనక నుంచి గొంతు మార్చి, "బాగున్నాం తాతా, నువ్వే చిక్కిపోయావు" అన్నాను.

ఆయన ఉలిక్కిపడలేదు.

"అమ్మయ్య, ఇన్నాళ్లకు నోరు విప్పావు తల్లీ" అని, తలుపు మెల్లగా వేసుకుని వెళ్లిపోయారు.

హడలిపోయింది నేనే. బయటికి పరుగెత్తి, ఇరవై ఏళ్లుగా అక్కడ కవర్లు అతికిస్తున్న అక్కను పట్టుకున్నాను. ఈయనకు ఈ పిచ్చి ఎప్పటినుంచి అని అడిగాను.

"నువ్వు లోపల చిక్కుకున్న మర్నాటి నుంచి. గొళ్లెం మార్పించిందీ ఆయనే" అంది అక్క.

"మరి నన్నే అడగొచ్చుగా?"

"అడిగితే భయమని ఒప్పుకుంటావా? ఉద్యోగం పోతుందని చచ్చినా ఒప్పుకోవు. టమాటాలకైతే ఆ బాధ లేదుగా."

నాకు సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆయన మీద బోలెడంత ఇష్టం కలిగింది. మర్నాడు తలుపు తెరుచుకోగానే, అడగకముందే అందుకున్నాను: "అంతా బాగున్నాం. మూడో అరలో ఒకామెకు మాత్రం కొంచెం చలిగా ఉందట."

పెద్దాయన తలూపి వెళ్లారు. అరగంట తర్వాత గుమ్మంలో మడత పెట్టిన స్వెట్టరు కనిపించింది. మీద ఒక చీటీ: "టమాటాకు. బూజు పట్టకముందే తిరిగివ్వవలెను."