ఎత్తి తాగిన వైన్

నాసిక్‌లో వైన్ అమ్మడం నా ఉద్యోగం. స్నేహితుడి పెళ్ళికి హనుమాన్ జంక్షన్ వెళ్తూ బెజవాడలో రెండు రెడ్ వైన్ సీసాలు కొన్నాను. పెళ్ళయిన మర్నాడు, భోజనాల ముందు, స్నేహితుడి మేనమామ రంగారావు గారు రుచి చూస్తానన్నారు. ఆయన చేపల వ్యాపారి. మా ఇద్దరికీ కలిపి ఒకే స్టీలు గ్లాసు తెచ్చారు.

ఖరీదైన సీసా ముందు తెరిచి, దాని గొప్పతనం గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, తలెత్తి, గ్లాసు పెదవులకు తగలకుండా పైనుంచి నోట్లో పోసుకున్నారు.

"అలా కాదండీ. ముక్కు గ్లాసులో పెట్టి ముందు వాసన చూడాలి," అన్నాను.

"ఇందులోనే మీరూ తాగాలి కదండీ. నేను ముక్కు పెట్టిన గ్లాసు మీకెలా ఇస్తానండీ?"

ఈ మర్యాద మా ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు.

"ఇది పచ్చి వక్క నమిలినట్టు వగరుగా ఉందండీ," అని రెండోది పోయమన్నారు. అది తేలికపాటిది, చవకది. దాన్నీ అలాగే ఎత్తి తాగారు.

"ఇది నేరేడు పండులా ఉంది. కాసేపు ఫ్రిజ్‌లో పెడితే చేపల పులుసులోకి బాగుంటది. మీరు ఇంట్లో ఏది తాగుతారండీ?"

ఆరేళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు.

"రెండోదేనండీ."

"మరి ఇందాకట్నించీ ఆ మొదటిదాన్ని ఎందుకండీ అంత పొగిడారు?" అంటూ గ్లాసు నా చేతికిచ్చారు.

నేనూ తలెత్తి పైనుంచి పోసుకున్నాను. నోటినిండా వైన్ ఉంటే జవాబు చెప్పనక్కర్లేదు.