ఎనిమిదో దర్వాజా అవతల

గద్వాలలో మా టీవీ చెడిపోయినప్పుడల్లా ఇంట్లో రెండు గొడవలు జరిగేవి. మొదటిది అది చెడిపోయినందుకు, రెండోది దాన్ని యూసుఫ్ దుకాణానికి పంపినందుకు. చెడిన టీవీని యూసుఫ్ ఒక్క పూటలో బాగుచేస్తాడు, అందులో అనుమానం లేదు. బాగైన టీవీని ఇంటికి పంపడానికే ఆయనకు మూడు వారాలు పట్టేది.

ఆ మూడు వారాలూ ‘టెస్టింగ్’. అంటే, బాగుచేసిన టీవీకి వీడియో గేమ్ డబ్బా తగిలించి, ఎదురుగా స్టూలేసుకుని తానే ఆడేవాడు. రంగులు సరిగ్గా పడుతున్నాయా, బొమ్మ వణుకుతోందా, రెండు గంటలు నడిచాక ట్యూబు మొరాయిస్తోందా, ఇవన్నీ ఆటలో తెలిసినట్టు వార్తల్లో తెలియవని ఆయన సిద్ధాంతం. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. సిద్ధాంతం వింటే నిరూపణ అడగడం నాకు అలవాటు. యూసుఫ్‌ను అడిగీ అడిగీ నోరు నొప్పిపుట్టి ఊరుకున్నాను.

“అయిపోయిందా భాయ్?” అని వెళ్తే, తెర మీంచి చూపు తిప్పకుండానే జవాబిచ్చేవాడు.

“ఎప్పుడో అయిపోయింది టీచరమ్మా. జర ఆగున్రి, ఆరో దర్వాజాల ఉన్న. ఇప్పుడు బంద్ చేస్తే మల్ల మొదటికెళ్లి రావాలె.”

మా అత్త మల్లమ్మ నాకన్నా తెలివైంది. సీరియల్ వేళకు నేరుగా దుకాణానికే వెళ్లి, తన టీవీ ముందు తానే బెంచీ జరుపుకుని కూర్చునేది. యూసుఫ్ ఆటను ఉన్నచోటే నిలిపి తెరను కేబుల్‌కు తిప్పేవాడు. కొన్నాళ్లకు ఆమె సీరియల్ అయిపోయినా లేచి రావడం మానేసింది. “ఇంకెన్ని దర్వాజలున్నయ్ యూసుఫూ?” అని అడగడం మొదలుపెట్టింది. దాంతో ఇంట్లో నేను ఒంటరిదాన్నయ్యాను.

ఆ ఆట అసలు పేరు ఎవరికీ తెలియదు. క్యాసెట్ మీద ఏదో చీనా రాత. ఒక పొట్టి మనిషి ఎగురుతూ, తన్నుతూ ఒక కోటలో ఎనిమిది తలుపులు దాటాలి కాబట్టి ఊరు దాన్ని దర్వాజల ఆట అంది. మొత్తం ఆడాలంటే మూడు గంటలు పైనే కావాలి. గద్వాలలో కరెంటు మూడు గంటలు వరసగా ఉండటమన్నది మేమెవరం ఎరగం. అందుకే ఎనిమిదో దర్వాజా అవతల ఏముందో చూసినవాడు ఊళ్లో ఒక్కడే, యూసుఫ్. ఒక ఎన్నికల వారంలో రోజంతా కరెంటు పోలేదట, ఆ రోజు ఆయన ఒక్కడే కూర్చుని చివరిదాకా వెళ్లాడట. ఎన్నికల వారం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

“ఏముండె భాయ్?” అని అడగని మనిషి లేడు. ఆయన చెప్పని రోజూ లేదు.

“రాజు ఉంటడు. గద్దె మీదికెళ్లి లేస్తడు. మెట్లు దిగి మెల్లగ మనకాడికొస్తడు. తన పాగా తీసి మన మనిషి తలకు చుడ్తడు. గంతే. మాటలేం ఉండవ్.”

పన్నెండేళ్లుగా ఈ మాట చెప్తున్నా ఒక్క మెట్టు ఎక్కువా తక్కువా చెప్పలేదు.

తక్కిన ఆటల మీద మాత్రం ఆయన నోటికి అడ్డూ అదుపూ ఉండేది కాదు. పాత ఆటలే ఆటలని ఆయన తీర్పు. “మూడే పానాలు టీచరమ్మా. కలెక్టర్ కొడుకైనా మూడే, హమాలీ కొడుకైనా మూడే. యాడ దొరుకుతది గిసుంటి ఇన్సాఫ్, గిసుంటి న్యాయం?” అనేవాడు. కంప్యూటర్ ఆటల్లో ఎక్కడికక్కడ సేవ్ చేసుకోవచ్చని విన్నప్పటి నుంచి ఆయనకు ఆ జాతి మీదే చిరాకు. చిట్టీలు పెట్టుకుని పరీక్ష రాసేవాడికీ అలా ఆడేవాడికీ తేడా ఏముందని నన్నే నిలదీసేవాడు, టీచర్ని కదా.

వనపర్తిలో ఏదో కొత్త ఆట వచ్చిందని తెలిస్తే పనిగట్టుకుని బస్సెక్కి వెళ్లి చూసి వచ్చాడు. వచ్చాక వారం రోజులు దుకాణంలో అదే విచారణ.

“గా ఆటల మనిషికి ఇల్లు లేదు, పని లేదు. ఊరంత తిరుగుతడు, కనవడ్డోన్నల్ల కొడ్తడు, నిలవెట్టిన కారు ఎత్కపోతడు. గిసుంటోళ్లు మన బస్టాండుకాడ పది మంది ఉన్నరు. గది చూస్తందుకు కంప్యూటర్ గావాల్నా?”

కార్ల పందెం ఆటనూ వదల్లేదు. అంత గుద్దుకున్నా బండికి గీత పడలేదట. ఆ డ్రైవర్ని ఒక్కసారి మా గుంతల ధరూర్ రోడ్డు మీద నడిపి చూడమన్నాడు.

రాబోయే ఆటల గురించి ఆయనకు హైదరాబాద్ నుంచి ఎవరో తెచ్చిచ్చే పత్రికలే ఆధారం. బొమ్మలు అచ్చం నిజంలా ఉండబోతున్నాయని చదివి పెదవి విరిచాడు. నిజం కావాలంటే దుకాణం గుమ్మంలో నిలబడితే చాలదా అని ఆయన ప్రశ్న. ఒక్క ఆట కోసం మాత్రం ఎదురుచూసేవాడు. చేతిలో కట్టె పట్టుకుని గాలిలో ఊపుతూ ఆడేది వస్తుందట. “ఊపుతరు, చెయ్యి జారుతది, గా కట్టె పోయి ట్యూబుకు తాకుతది. రానియ్యున్రి టీచరమ్మా, నాకు గిరాకే గిరాకి,” అని మనసారా నవ్వాడు.

ఇంత ఆలస్యం చేసే మనిషి దగ్గరికి ఊరు ఊరంతా ఎందుకు వెళ్లేదంటే, ఆయన మాట మీద నమ్మకం. టీవీ వెనక మూత విప్పితే లోపల ఏముందో మనకేం తెలుసు? ఏ పార్టు పోయిందంటే అదే పోయిందనుకోవాలి. యూసుఫ్ కాలిపోయిన పార్టును పేపర్లో చుట్టి మన చేతికిచ్చేవాడు. అది మన టీవీదేనా అని ఎవరూ అడిగేవారు కాదు. యూసుఫ్ ఇచ్చాడంటే మనదే.

2006లో ఆయన దుకాణానికి సరిగ్గా ఎదురుగా శ్రవణ్ కుమార్ అనే అబ్బాయి ఇంటర్నెట్ సెంటర్ తెరిచాడు. నాగర్‌కర్నూల్ అబ్బాయి, కంప్యూటర్ చదువుకున్నాడు, మర్యాద తెలిసినవాడు. పాత క్యాసెట్ ఆటలన్నీ తన కంప్యూటర్లో ఉన్నాయనీ, అందులో దర్వాజల ఆట కూడా దొరికిందనీ, ఎక్కడ కావాలంటే అక్కడ సేవ్ చేయొచ్చనీ అందరికీ చెప్పాడు. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు ఎనిమిదో దర్వాజా తెరిచి చూపిస్తానని కాగితం అతికించాడు. పాపం, యూసుఫ్ భాయ్ చెప్పే రాజును ఊరందరికీ చూపిద్దామనే అతని ఉద్దేశం.

ధరూర్ లైన్లో ఆటో నడిపే కురుమయ్య ఆ కాగితం చదివి ఇవతలికి వచ్చాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

“భాయ్, ఒకవేళ రాజు రాకుంటెనో?” అన్నాడు నవ్వుతూ. “ఆటకాడనే అబద్ధమాడినోడు, మా టీవీల పార్టు మార్చిన్నంటె ఎట్ల నమ్మాలె మరి?”

అందరూ నవ్వారు. యూసుఫ్ నవ్వలేదు.

ఆ సాయంత్రమే మా టీవీ ఇంటికి వచ్చేసింది. ఇచ్చింది పొద్దున, వచ్చింది సాయంత్రం. మా అత్త బిత్తరపోయింది. “యూసుఫ్‌కు పెయ్యి మంచిగ లేదేమో, దవాఖానకు పొయ్యిండా అడుగు,” అంది. నాకు మాత్రం విషయం అర్థమైంది. అప్పటిదాకా ఆ రాజు ఉండడని ఊరికే అనుకునేదాన్ని. ఆ రోజు లేడని తేలిపోయింది. ఆ మనిషి ఒక్క అబద్ధం, అదీ ఎవరికీ నష్టం లేనిది, ఆడి పన్నెండేళ్లు పోషించుకున్నాడు. ఆదివారం పది గంటలకు అది ఆయన దుకాణాన్ని తినేయబోతోంది. ఆయన మీద నాకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు.

ఆదివారం వీధి నిండిపోయింది. శ్రవణ్ కంప్యూటర్‌ను గుమ్మంలోకి జరిపి తెరను రోడ్డు వైపు తిప్పాడు. మా అత్త ముందు వరసలో కూర్చుంది. యూసుఫ్ కాసేపు తన గడప మీదే నిలబడి, తర్వాత ఇవతలికి వచ్చి అందరి వెనక చేతులు కట్టుకుని నిలుచున్నాడు.

శ్రవణ్ గొప్ప ఆటగాడేం కాదు. పడ్డాడు, లేచాడు, సేవ్ చేసిన చోటి నుంచి మళ్లీ వెళ్లాడు. చివరికి ఎనిమిదో దర్వాజా తెరుచుకుంది.

తెర నల్లబడింది. దాని మధ్యలో ‘ఆడినందుకు ధన్యవాదాలు’ అని ఇంగ్లీషులో ఒక్క ముక్క వచ్చింది. గట్టిగా మూడు అంకెలు లెక్కపెట్టేలోపు అదీ పోయి, పొట్టి మనిషి మళ్లీ మొదటి దర్వాజా ముందు నిలబడ్డాడు.

నేను యూసుఫ్ వైపు చూడలేకపోయాను. కానీ జనం కూడా ఆయన వైపు చూడలేదు, శ్రవణ్ వైపు చూశారు.

“రాజేడి?” అన్నాడు కురుమయ్య.

“గింతే అన్నా. అయిపోయింది,” అన్నాడు శ్రవణ్.

“గింతెట్లైతది? రాజు రావాలె. మెట్లు దిగాలె.”

“నీ కంప్యూటర్ల రాజును ఎవలో పీకేసిండ్రు కొడకా,” అని మా అత్త జాలిగా తీర్పు చెప్పింది.

క్లైమాక్స్ లేని సినిమా సీడీలు కొని మోసపోయిన ఊరు మాది. క్షణంలో సంగతి తేలిపోయింది. శ్రవణ్ దగ్గరున్నది డూప్లికేట్. “గట్లైతే మొన్న నువ్వు తీసిచ్చిన మార్కుల కాయితం గుడ డూప్లికేటేనా?” అని ఒకాయన గొంతు పెంచాడు. ఇంకొకాయన అవునన్నాడు. శ్రవణ్ ముఖం పాలిపోయింది. తన తప్పేమిటో ఆ అబ్బాయికి అర్థం కాలేదు.

యూసుఫ్ అప్పుడు నోరు మూసుకుని వెళ్లిపోయి ఉంటే సరిపోయేది. అలా వెళ్లిపోతాడనే అనుకున్నాను. ఆయన జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

“ఇనున్రి. గిదే అసలుది. పిల్లగానిది తప్పు లేదు. నేను చూడలే. ఏడో దర్వాజా ఎన్నడు దాటలే నేను. రాజు, పాగా, అంత నేను కల్పించి జెప్పిన ముచ్చట. అబద్ధమాడిన.”

కురుమయ్య ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

“చూసిండ్రా! పిల్లగాని దుకాణం ఖరాబైతదని తన మాట తనే తీసేసుకుండు. గిది మనిషంటే.”

“కాదు కురుమయ్యా, కసం, ఒట్టేసి జెప్తున్న, నేను చూడలే.”

“అయ్యో భాయ్, మాకు సమజైంది. ఇగ చాలు.”

ఆయన ఎంత గట్టిగా చెప్తే జనానికి ఆయన మనసు అంత పెద్దదిగా కనిపించింది. శ్రవణ్‌ను కూడా ఆయన ముఖం చూసి వదిలేశారు. మర్నాడు ఆ అబ్బాయి పాలకోవా పట్టుకుని వచ్చాడు. “మీరు నాకోసం గంత మాట అనొద్దుండె భాయ్. రాజు లేని కాపీ దొరికింది నాకు, ఏం జేద్దాం,” అని కండ్లు తుడుచుకున్నాడు. చెడిపోని టీవీలు కూడా ఆ వారం దుకాణానికి వచ్చాయని విన్నాను.

నేను నాలుగు రోజుల తర్వాత వెళ్లాను. దుకాణంలో ఎనిమిది టీవీలున్నాయి, ఒక్కదానిమీదా ఆట లేదు. యూసుఫ్ స్టూలు మీద ఊరికే కూర్చున్నాడు.

“టీచరమ్మా, మీరు సదువుకున్నోళ్లు. నేను జెప్పింది నిజమని మీకన్న తెలుసు గద?”

“తెలుసు భాయ్.”

పెద్దగా ఊపిరి వదిలాడు. మెల్లగా అడిగాడు. “మరి అంతకుముందు? రాజు వస్తడని జెప్పినప్పుడు నమ్మినరా?”

“లేదు భాయ్. ఎన్నడు నమ్మలే.”

ఆయన ముఖం చిన్నబోయింది. ఊరు తన నిజాన్ని నమ్మనప్పుడు కూడా అంత చిన్నబోలేదు.

“జరంత గుడ నమ్మలేదా?”

ఉన్నదే చెప్పాను. “రాజు రాడని నాకు తెలుసు భాయ్. అయినా తెర నల్లగయ్యేసరికి ఏడుపొచ్చింది.”

ఆయన తల వంచుకున్నాడు.

“నాకు గుడ టీచరమ్మా,” అన్నాడు.