నలభై ఒకటి గారూ, ఊఁ అనండి

ఊఁ మాస్టారికి ఎదుటివాళ్లు ఊఁ కొట్టకపోతే ఊపిరాడదు. ఉన్నది ఆ ఒక్క జబ్బే, మిగతా అన్ని విధాలా గట్టి మనిషి. రెండు వాక్యాలు చెప్పి ఆగుతారు. మీరు ఊఁ అంటే మూడోది వస్తుంది, అనకపోతే రాదు. ఒకసారి పెద్ద సభలో ముఖ్య అతిథి ముందు వరసలో కళ్లు మూసుకుని వింటున్నారు. మాస్టారు ఉపన్యాసం ఆపి, వేదిక దిగి, ఆయన ముక్కు దగ్గర రెండు వేళ్లు పెట్టి చూశారు. అతిథి ఉలిక్కిపడి లేచారు. "ఉన్నారు, ఉన్నారు. ఇక రెండో అంశానికి వద్దాం" అంటూ మాస్టారు వేదిక ఎక్కేశారు.

ఇంట్లో ఆయన భార్య పాతికేళ్ల కాపురంలో నిద్రలో కూడా ఊఁ అనడం నేర్చుకుంది. ఓడిపోయింది పళ్ల డాక్టరు ఒక్కడే. మాస్టారు న్యాయమైన మనిషి కదా, ఎదుటివాళ్లు మాట్లాడితే తనూ ఊఁ కొడతారు. నోట్లో పట్టకారు ఉండగా డాక్టరు ఏదో చెప్పడం, ఈయన ఊఁ అని తలూపడం, పట్టకారు జారడం. చివరికి డాక్టరు మూగనోము పడితే గానీ పన్ను ఊడలేదు.

అలాంటి మనిషి చేతికి పరిశోధన పేరుతో అరవై సెన్సర్లు వచ్చిపడ్డాయి. పాత సైన్సు భవనం మూడంతస్తుల్లో గదిగదికీ వాటిని తగిలించారు. ఒక్కొక్కటీ ఒక సబ్బుపెట్టెలో ఒదిగి ఉంటుంది. వేడి, కదలిక పసిగడుతుంది. కుర్చీ కింద అంటిస్తే, కూర్చున్నవాళ్ల ఊపిరికి కుర్చీ ఎంత వణికిందో కూడా చెబుతుంది. తీగలు లేవు. ఒక పెట్టె తన మాట పక్క పెట్టె చెవిన వేస్తుంది, అది దాని పక్కదాని చెవిన వేస్తుంది, అలా చెవులు మారి ల్యాబ్‌లో కంప్యూటర్‌కు చేరుతుంది. చెప్పడానికి ఏమీ లేకపోయినా పది నిమిషాలకోసారి 'ఉన్నాను' అని ఓ చిన్న సంకేతం పంపాలి. దానికి పుస్తకాల్లో పెద్ద పేరేదో ఉంది. మాస్టారు ఊఁ అన్నారు, ల్యాబంతా అదే అంది.

రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు హాజరు. మాస్టారు రిజిస్టర్ తెరిచి, కంప్యూటర్‌లో నంబరు నొక్కి, పైకి పిలుస్తారు. "పదకొండూ!" తెర మీద పచ్చచుక్క వెలుగుతుంది. "పన్నెండూ!" వెలగకపోతే జేబులో బ్యాటరీలు పోసుకుని మెట్లెక్కి వెళ్లి, "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అని సబ్బుపెట్టెను పలకరించి వస్తారు. ల్యాబ్‌లో అందరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకునేవారు. ఒక్క సంగతి మాత్రం నవ్వు తెప్పించేది కాదు. ఆయన నలభై నుంచి నలభై రెండుకు దూకేవారు. అరవై దాకా అయ్యాక, గొంతు తగ్గించి, తలుపు వైపు ఓసారి చూసి, "నలభై ఒకటి గారూ" అనేవారు. పచ్చచుక్క వెలిగేది. ఆయన తృప్తిగా రిజిస్టర్ మూసేవారు.

ల్యాబ్‌లో ఓ అమ్మాయి ఉంది. మూడేళ్లుగా థీసిస్ తప్ప వేరే లోకం లేదు కనుక అందరూ థీసిస్ అమ్మాయి అనేవారు. ఆమె రాసిన ప్రోగ్రాం సబ్బుపెట్టెల మాటలు విని, ఏ గదిలో ఎందరు మనుషులున్నారో చెబుతుంది. భవనానికి నిప్పంటుకున్నా, గోడలు కూలినా, లోపల ఎవరు మిగిలారో బయటివాళ్లకు తెలియాలన్నది ఆమె పట్టుదల. శుక్రవారం పరీక్ష. బయటినుంచి వచ్చే పరీక్షకుడు గది గదికీ తిరిగి సరిచూస్తాడట. ఒక్క గది తప్పినా మూడేళ్ల చాకిరీ బూడిదలో పోసినట్టే. ఇన్నాళ్లూ పై అంతస్తులతోనే పనిచేసిన ఆమె, ఆ వారమే కింది అంతస్తును కూడా కలిపింది.

సోమవారం. సెలవులు. మాస్టారు ఏదో సమావేశానికి వెళ్లారు. భవనంలో ఆమె, గేటు దగ్గర వాచ్‌మన్, అంతే. మబ్బు పట్టి మధ్యాహ్నం మూడింటికే కారిడార్లన్నీ మసకేశాయి. ఆమె కూర్చున్న ల్యాబ్ తప్ప అన్ని గదులకూ సున్నా రావాలి. వరసగా సున్నాలే వస్తున్నాయి. ఆఖర్న ఒక వరస మాత్రం వేరేగా వచ్చింది.

కింది అంతస్తు. స్టోర్. నలభై ఒకటి. ఒకరు. కూర్చుని ఉన్నారు. ఊపిరి నిమిషానికి పద్నాలుగు.

కింద సన్నటి అల ఒకటి లేస్తూ, వాలుతూ ఉంది. ఎవరో తాపీగా ఊపిరి పీలుస్తున్నారు. ఆమె ప్రోగ్రాం ఆపి మళ్లీ నడిపింది. ఒకరు. కూర్చుని ఉన్నారు.

ఫోన్‌లో ఆ తెర తెరిచి పట్టుకుని గేటు దగ్గరికి పరిగెత్తింది. "స్టోర్‌లో ఎవరున్నారు?"

"స్టోర్‌లోనా?" వాచ్‌మన్ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. "దానికి తాళం పడి నాలుగేళ్లయిందమ్మా. స్టోరమ్మ వెళ్లాక తెరిచినవాళ్లు లేరు."

"స్టోరమ్మ ఎవరు?"

"స్టోర్ కీపరమ్మ. ముప్పై ఏళ్లు ఆ గదిలో ఒకటే కుర్చీలో కూర్చుంది. రిజిస్టర్‌లో సంతకం పెట్టందే గుండుసూది కూడా గడప దాటనిచ్చేది కాదు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"పోయింది కదమ్మా."

"అయ్యో, ఎప్పుడు?"

వాచ్‌మన్ తల గోక్కున్నాడు. "అది తెలీదు. కనబడటం మానేసింది. అంటే పోయినట్టే కదా?"

తాళానికి నూనె పోసి, ఇద్దరూ చెరో చెయ్యీ వేసి తిప్పితే వచ్చింది. తలుపు కిర్రుమంది. లోపల ఇనుప అరలు, ఖాళీ సీసాలు, గాలి ఆడని గది వాసన. మనిషెవరూ లేరు. కుర్చీ కూడా లేదు. కిటికీ పక్కన సిమెంటు నేల మీద మాత్రం నాలుగు తెల్లటి గుండ్రటి మచ్చలు, ముప్పై ఏళ్లు కుర్చీ కాళ్లు ఆనిన చోట.

ఆమె ఫోన్ చూసింది. ఒకరు. కూర్చుని ఉన్నారు. పద్నాలుగు.

"మనం ఇద్దరం ఉన్నాం. రెండు అనాలి కదా" అంది ఆమె. చేతులు ఊపింది. ఎగిరింది. వాచ్‌మన్ కూడా మొహమాటంగా ఓసారి ఎగిరాడు. అల మారలేదు. వాళ్లిద్దరూ అక్కడ లేనట్టే, ఆ ఒక్కరూ తమ పాటికి తాము ఊపిరి పీలుస్తూ ఉన్నారు.

"మనకు ఆవిడ కనబడటం లేదు, ఆవిడకు మనం కనబడటం లేదు" అని వాచ్‌మన్ గొణిగాడు. "సరిపోయింది. వెళ్లిపోదాం రండమ్మా."

అప్పుడే అల చెదిరింది. తెర మీద మాట మారింది. లేచారు. సున్నా.

"లేచిందట" అని ఆమె అనడమే ఆలస్యం, వాచ్‌మన్ కాళ్లకు బుద్ధి చెప్పాడు. ఆమె ఒక్కతే మిగిలింది. ఆ నాలుగు మచ్చల మీదనుంచి చూపు తిప్పుకోలేకపోయింది. లేచిన మనిషి ఎటు నడుస్తోంది? తన వైపేనా? నిమిషం గడిచింది. ఫోన్ చిన్నగా మోగింది. కూర్చున్నారు. ఒకరు. ఆమె తలుపు ఎలా వేసిందో, మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు.

మర్నాడు మాస్టారు రాగానే సంగతంతా చెప్పింది. మధ్య మధ్య ఆయన ఊఁ కొడుతూనే ఉన్నారు, కానీ ఆమె మొహంలోకి చూడలేదు.

"అక్కడ ఎవరున్నారు సార్?"

"ఊఁ కొడుతున్నారా లేదా?"

"కొడుతున్నారు. కానీ ఎవరు?"

"ఊఁ కొట్టేవాళ్లను ఎవరని అడక్కూడదమ్మాయ్" అన్నారు మాస్టారు, కిటికీలోంచి ఎటో చూస్తూ.

ఆమె రిజిస్టర్ తీసి చూసింది. నలభై ఒకటి ఎదురుగా ఆయన రాతలోనే ఉంది: స్టోర్, కుర్చీ కింద.

"కుర్చీయే లేదు సార్ అక్కడ! శుక్రవారం పరీక్షకుడు తాళం తీయించి చూస్తే నా గతి ఏం కాను? ఆ పెట్టెను తీసేస్తాను."

మాస్టారు చటుక్కున లేచారు. "వద్దు. ముప్పై తీసెయ్, యాభై తీసెయ్, కావాలంటే మొత్తం పై అంతస్తు తీసెయ్. నలభై ఒకటి జోలికి మాత్రం పోకు. ఊఁ?"

ఆమె ఊఁ అంది. అన్నది నోరే, మనసు కాదు. మాస్టారికి పిచ్చి ముదిరిందో, లేక నిజంగానే పోయినవాళ్లతో పలుకుతున్నారో తేల్చుకోలేకపోయింది. ఏదైతేనేం, తన మూడేళ్లు ఒక దెయ్యం పాలు చేయడానికి ఆమె సిద్ధంగా లేదు.

గురువారం పొద్దున ఎనిమిదింటికే వచ్చి, నలభై ఒకటి మాట వినొద్దని కంప్యూటర్‌కు చెప్పింది. స్టోర్: సున్నా. హాయిగా ఊపిరి పీల్చుకుంది.

తొమ్మిదిన్నరకు హాజరు మొదలైంది. అరవై అయింది. మాస్టారు గొంతు తగ్గించారు. "నలభై ఒకటి గారూ."

చుక్క వెలగలేదు.

"నలభై ఒకటి గారూ?" మళ్లీ నొక్కారు. "అమ్మా, ఊఁ అనండి."

రిజిస్టర్ మాస్టారి చేతిలోంచి జారింది. ఒక కాలి చెప్పు బల్ల కిందే వదిలేసి ఆయన పరుగు తీశారు. యాభై దాటిన మనిషి అంత వేగంగా పరిగెత్తడం ఆమె ఎన్నడూ చూడలేదు. "సార్! సార్!" అంటూ వెనకే తానూ పరిగెత్తింది. స్టోర్ వైపు వెళ్తారనుకుంది. ఆయన స్టోర్ తలుపు కేసి కన్నెత్తి కూడా చూడకుండా వెనక గేటు దాటి, సందు దాటి, స్టోర్ కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉన్న చిన్న ఇంటి తలుపు దబదబా బాదారు.

జవాబు లేదు. మళ్లీ బాదారు. తను చేసిన పని ఏమిటో పూర్తిగా తెలియకపోయినా, చాలా తప్పు పని చేశానని అమ్మాయికి అప్పుడే తెలిసింది.

"ఎవరూ? తలుపు విరగ్గొడతారా ఏం?"

గొళ్లెం తీసి ఒక పెద్దావిడ నిలబడింది. కళ్లజోడు, చేతికర్ర, ముక్కు మీద కోపం. "ఊఁ, ఉన్నాను, ఉన్నాను. ఏమిటి మాస్టారూ ఆ పరుగు? రెండో చెప్పేదీ?"

మాస్టారు గడప మీదే కూలబడ్డారు. లోపల కిటికీ పక్కన చేతులున్న పాత చెక్కకుర్చీ ఒకటి ఉంది. థీసిస్ అమ్మాయి వెళ్లి మోకాళ్ల మీద వంగి చూసింది. కుర్చీ కింద పసుపుపచ్చ సబ్బుపెట్టె, దాని మీద నలభై ఒకటి.

"నేనే సార్. నేనే దాని నోరు నొక్కాను" అంది, ఏడుపు ఆపుకుంటూ. మాస్టారు కోప్పడలేదు. నెమ్మదిగా, వాక్యానికోసారి ఆగి ఆమె ఊఁ కోసం చూస్తూ చెప్పారు. రిటైరైన రోజున స్టోరమ్మ ఆ కుర్చీ ఒక్కటే అడిగి తెచ్చుకుంది. కింద పెట్టె ఉన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. వారానికి దాని మాటలో తేడా వచ్చింది, ఒక రోజంతా కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. బ్యాటరీ పోయిందేమోనని, కుర్చీ ఇక్కడుందని గుర్తొచ్చి, మాస్టారు మార్చడానికి వస్తే, వంటింటి గడపలో ఆవిడ కాలు విరిగి పడి ఉంది. పిలిచినా వినేవాళ్లు లేరు. అప్పటినుంచి, కుర్చీలో మనిషి ఉంటేనే నలభై ఒకటి చుక్క వెలిగేలా ఆయన అమర్చారు.

"ఆ రోజే చెప్పాను, పెట్టెను ఉండనీండి గానీ నా సంగతి ఎవరికీ చెప్పొద్దని" అంది స్టోరమ్మ. "ముప్పై ఏళ్లు అందరికీ సామాను ఇచ్చినదాన్ని. ఇప్పుడు నన్నే సామాన్లా చూసుకుంటున్నారంటే బాగుంటుందా? నేను స్టోర్‌లోనే ఉన్నానని రాసుకోండి అన్నాను. రాసుకున్నారు."

మాస్టారు మంచినీళ్లకు లోపలికి వెళ్లగానే ఆవిడ అమ్మాయి చెవి దగ్గరికి వంగింది. "నాకేం బాధమ్మా, పక్కింటివాళ్లు ఇప్పుడు రోజుకు రెండుసార్లు తొంగి చూస్తారు. నాకు మంచం మీద వాలితేనే హాయి. అయినా పొద్దున తొమ్మిదిన్నరకు, మధ్యాహ్నం మూడింటికి మోకాళ్లు పట్టేసినా ఇందులో కూర్చుంటాను. ఎవరో ఒకరు ఊఁ అనకపోతే ఆయనకు తోచదు, పాపం."

అమ్మాయికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏడుపు మింగి, నవ్వేసింది. తిరుగుదారిలో ఒక ఆలోచన తట్టి సందులోనే ఆగిపోయింది. తన ప్రోగ్రాం తప్పు చెప్పలేదు! ఒక మనిషి ఉంది, కూర్చుంది, ఊపిరి పీలుస్తోంది. అన్నీ నిజమే. ఎక్కడ అన్న ఒక్క ముక్కే తప్పు.

శుక్రవారం పరీక్షకుడు వచ్చాడు. నవ్వని మనిషి, మాట్లాడని మనిషి, అన్నిటికన్నా ఘోరంగా ఊఁ కొట్టని మనిషి. నలభై ఒకటి మళ్లీ పచ్చగా వెలుగుతోంది. స్టోర్: ఒకరు. ఆయన వేలితో ఆ వరస చూపించి కిందికి నడిచాడు. ఉన్నదున్నట్టు చెప్పేద్దామని అమ్మాయి మెట్లన్నీ తనలో తాను వల్లె వేసుకుంటూ దిగింది. "సార్, స్టోర్‌లో నిజానికి..." అంటూ తలుపు తోసింది.

నాలుగు మచ్చల మీద నాలుగు కాళ్లూ సరిగ్గా ఆనించి, కుర్చీలో స్టోరమ్మ కూర్చుని ఉంది. ఆ కుర్చీ మోసుకొచ్చిన వాచ్‌మన్ గడప బయటే గోడకు అతుక్కుపోయి, తెరిచిన తలుపులోంచి ఇంకా ఆవిడ నీడ కోసం నేల మీద వెతుకుతున్నాడు.

"ముప్పై ఏళ్లలో ఈ స్టోర్ రిజిస్టర్‌లో ఒక్క కొట్టివేత లేదు. ఇవాళ నా వల్ల అబద్ధం ఎందుకుండాలి?" అంది ఆవిడ. "నేను పోయానన్నది ఎవరో వాణ్ని కూడా ఓసారి చూసి పోదామని వచ్చాను."

అమ్మాయి దాచలేదు. మిగతా రోజుల్లో ఆవిడ సందు అవతల ఉంటారనీ, ఆ ఊపిరి అక్కడినుంచి ఇక్కడిదాకా వచ్చి తెర మీద పడుతోందనీ చెప్పేసింది. పరీక్షకుడు కిటికీలోంచి సందు వైపు, ఆ ఇంటి వైపు చాలాసేపు చూశాడు. మాస్టారు గొంతు సవరించుకుని ఆ పెట్టె కథ మొదలుపెట్టారు. రెండు వాక్యాలు చెప్పి ఆగారు. పరీక్షకుడు పలకలేదు. మాస్టారు కదల్లేదు. మూడేళ్ల థీసిస్ ఆ రెండో వాక్యానికీ మూడో వాక్యానికీ మధ్య వేలాడుతోంది.

"అనండి బాబూ" అంది స్టోరమ్మ కుర్చీలోంచి. "అంటే అరిగిపోతారా?"

పరీక్షకుడు చుట్టూ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఊఁ" అన్నాడు.

థీసిస్ గట్టెక్కింది. స్టోరమ్మ కుర్చీ మళ్లీ సందు దాటింది. ఈసారి రిజిస్టర్‌లో అమ్మాయి కొత్త కాగితం అతికించి, ఆవిడ అనుమతితో, 'స్టోర్, కిటికీ అవతల' అని రాసింది. అది కొట్టివేత కాదని ఆవిడ స్వయంగా వచ్చి చూసి ఒప్పుకుంది.

వారం తిరక్కుండా వాచ్‌మన్ ల్యాబ్ గుమ్మంలో చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "గేటు దగ్గర నేనూ ఒక్కణ్నే కదమ్మా కూర్చునేది" అన్నాడు. అమ్మాయి తన సబ్బుపెట్టె ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, పెట్టె తయారుచేసి అతని స్టూలు కింద అంటించింది.

ఇప్పుడు హాజరు అరవైతో అయిపోదు. నలభై ఒకటి గారి వంతు అయ్యాక, మాస్టారు నంబరు నొక్కి "అరవై ఒకటీ!" అని కిటికీ వైపు తిరిగి పిలుస్తారు. పచ్చచుక్క వెలిగేలోపే గేటు దగ్గరినుంచి వీధంతా వినబడేలా కేక వస్తుంది.

"ఊఁ!"