వీధరుగు మీద వెలిగే పండు

నా చిన్నప్పుడు రేపల్లె పక్కన మా ఊరికి కరెంటు వచ్చింది. మా ఇంటికి ఒకే ఒక్క బల్బు. దాన్ని నా చదువు కోసం నడింట్లో పెట్టిస్తానని నాన్న మాటిచ్చాడు. కిరసనాయిలు దీపం ముందు కూర్చుంటే పొగకి నా కళ్లు ఎర్రబడి నీళ్లు కారేవి మరి. ఇంకేం, ఊరంతా చాటుకున్నాను.

తీరా తీగ లాగే మనిషి వచ్చిన రోజున మా నానమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. గాజుబుడ్డిలో నిప్పుందట, వాసాలు అంటుకుంటే ఎవడు ఆర్పుతాడట! ఆవిడ పట్టు పట్టిందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా వదలదు. నాకు ఏడుపు ఒక్కటే తక్కువ.

అప్పుడు మా బాబాయి రంగంలోకి దిగాడు. బాపట్ల వ్యవసాయ కాలేజీలో చదువుతూ, అక్కడి పెద్ద పుస్తకాల కోసం జర్మన్ భాష నేర్చుకుంటున్నాడు. సందు దొరికితే చాలు, ఒక ముక్క వదిలేవాడు. జర్మనీ వాళ్లు బల్బుని 'గ్లూబిర్నె' అంటారనీ, 'గ్లూ' అంటే కణకణా వెలగడం, 'బిర్నె' అంటే బేరిపండు అనీ, రెంటినీ అతికించి ఆ పేరు పెట్టుకున్నారనీ చెప్పాడు. బేరిపండు మేమెవరమూ చూడలేదు. మన జామకాయ రూపమేనంటూ బల్బుని పైన పట్టుకుని వేలాడదీశాడు. నిజమే, తొడిమతో సహా జామకాయే! "వెలిగే పండమ్మా, దీనికి భయమేంటి?" అన్నాడు.

నానమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మొహంలో బెదురు పోయింది. "పండా? ముందే చెప్పొద్దట్రా! అయితే తొలికాపు మనమెట్టా తింటాం? వీధరుగు మీద కట్టించు" అంది. మా ఇంట్లో ఏ చెట్టు తొలికాపైనా ఇరుగుపొరుగుకి పంచాకే మేం నోట పెట్టుకునేవాళ్లం. బాబాయి నోరెళ్లబెట్టాడు. నాకైతే ఒళ్లు మండిపోయింది. నా బల్బు ఊరిపాలు!

పొద్దుగూకాక స్విచ్చి వేశారు. వీధిలో పిల్లలంతా పలకలూ పుస్తకాలూ పట్టుకుని బిలబిలమంటూ అరుగెక్కేశారు. నేను మూతి ముడుచుకుని ఓ మూల కూర్చున్నాను. పక్కింటి అక్క పుస్తకం తెరిచి, అలవాటుగా మొహానికి ఆనించుకుని, మళ్లీ దూరంగా జరిపినా అక్షరాలు కనిపించేసరికి ఫక్కున నవ్వింది. వాళ్లింట్లో దీపం వంటయ్యేదాకానే. ఆ తర్వాత పుస్తకం మూయాల్సిందే. ఆ నవ్వు చూశాక నా అలక ఏమైందో నాకే తెలీదు. లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. అప్పటిదాకా కొరుకుడు పడని నా లెక్కలన్నీ అక్కే విడమరిచి చెప్పింది.

ఇప్పుడు తెనాలిలో మా ఇంటి నిండా లైట్లే. అయినా ఒక్కదాన్నే కూర్చుని చదువుకుంటుంటే ఎందుకో వెలుగు చాలదు. లేచి వీధి తలుపు బార్లా తీసి, పుస్తకాలు తెచ్చుకోమని వీధిలో పిల్లల్ని కేకేస్తాను.