అవ్వ చేతుల్లో సినిమా

మా బాపు గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. నేల కింద డ్రిల్లు పట్టే పని. నాకు ఊహ తెలిసేసరికే ఆయన చెవులు మందగించాయి. నేను హైస్కూలుకు వచ్చేనాటికి పిడుగు పడ్డా తలెత్తేవాడు కాదు. మా క్వార్టర్లలో ఆ వయసు మగవాళ్లంతా అరిచి మాట్లాడుకునేవాళ్లే కాబట్టి పిల్లలకు అది వింతగా తోచలేదు. వింతల్లా మేము అవ్వ అని పిలిచే మా అమ్మ ఆయనకు సినిమా చెప్పే తీరు.

అప్పట్లో సెలవు ఆదివారం వస్తే మా వరుసలోని ఇళ్లవాళ్లు కలిసి వీసీఆర్ కిరాయికి తెప్పించేవాళ్లు. దుకాణపాయన దాన్ని దుప్పట్లో చుట్టి, సైకిల్ వెనక కట్టుకుని వచ్చేవాడు. ఏ సినిమా అన్నది ఆయన ఇష్టం. మేము అడిగిన క్యాసెట్టును ఎప్పుడూ ఇంకెవరో తీసుకుపోయి ఉండేవాళ్లు. తెచ్చిందే చూసేవాళ్లం. శ్రీకాకుళం నుంచి వచ్చిన వాళ్లు, బీహార్ నుంచి వచ్చిన వాళ్లు, చెన్నూరు వైపు వాళ్లు, అందరూ మా ముందు గదిలో ఒకరి మోకాళ్లు ఒకరికి తగిలేలా కూర్చునేవాళ్లు. తెర మీద గీతలు పడితే దుకాణపాయన లేచి దూదితో ఏదో తుడిచేవాడు. అందాకా అందరూ ముచ్చట్లలో పడేవాళ్లు.

బాపు గోడకు ఆనుకుని కూర్చునేవాడు. అవ్వ ఆయనకు ఎదురుగా, టీవీకి సగం వీపు పెట్టి కూర్చునేది. మీసం తిప్పితే హీరో. ముక్కుపుల్ల ముట్టుకుంటే హీరోయిన్. నెత్తి మీద చెయ్యి పెడితే పోలీసు. అరచెయ్యి బోర్లిస్తే ఎవరో చనిపోయినట్టు. పాట వస్తే ఏ సైగా లేదు, బాపు మోకాలి మీద వేళ్లతో తాళం వేసేది. ఆయన ఓ కంటితో తెరనూ ఓ కంటితో ఆమె చేతులనూ చూసేవాడు. అందరూ నవ్విన తర్వాత కాసేపటికి, గది మళ్లీ నిశ్శబ్దమయ్యాక, ఆయన ఒక్కడే నవ్వేవాడు.

అవ్వ ఉన్నదున్నట్టు చెప్పేది కాదని మాకు ఆలస్యంగా తెలిసింది. ఒక సినిమాలో హీరో వాళ్ల అన్న గని కూలి చచ్చిపోతాడు. మరునాడు బాయిలో ఆ సినిమా మాట వస్తే బాపు వేరే కథ చెప్పాడట. తోటివాళ్లు నవ్వారట. ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా అవ్వను అడిగాడు.

"ఏమే, గా అన్న సచ్చిపోయిండంట గదా. ఊరికి పోయిండని చెప్తివి నువ్వు?"

అవ్వ గిన్నెలు తోముతూనే ఉంది. చేతులు ఖాళీ చేసుకుని, ఆయన వైపు తిరిగి, నోరు కదలడం కనబడేలా చెప్పింది.

"నాకు సచ్చినట్టు అనిపియ్యలే."

బాపు తువ్వాలు భుజాన వేసుకున్నాడు. తర్వాత స్నానానికి పోయాడు. ఆ మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు. ఆ పై ఆదివారం కూడా ఆయన ఆమె చేతులే చూశాడు.

బాపు రిటైరయ్యాక ముగ్గురం కరీంనగర్‌లో ఒక మేడ మీద అద్దెకు దిగాం. నాకక్కడ ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం. నా పెళ్లి నిలవలేదు, అంతకుమించి చెప్పాల్సిందేమీ లేదు. కరోనా వచ్చి అందరం ఇంట్లో పడ్డప్పుడు నేను ఇంటికి నెట్టు పెట్టించి, టీవీలో ఒక సినిమాల యాప్ వేయించాను. వందల సినిమాలు. అందులో కొన్నింటికి కింద తెలుగు అక్షరాలు వస్తాయని తెలిశాక నాకు కాళ్లు నిలవలేదు. బాపు ఏడో తరగతి దాకా చదివినవాడు. పేపరు మొత్తం చదువుతాడు.

ఆ సాయంత్రం అవ్వ కూడా సంబరపడింది. ఛాయ్ పెట్టి తెచ్చి, అలవాటు ప్రకారం బాపుకు ఎదురుగా, టీవీకి సగం వీపు పెట్టి కూర్చుంది. అది మలయాళం సినిమా. ఒక ముసలాయన మేకను అమ్మబోయి తనే బేరంలో మోసపోయే సన్నివేశం. బాపు అక్షరాలు చదువుకుని ఒక్కసారిగా నవ్వాడు. నాతోపాటు కూడా కాదు, నాకంటే ముందు నవ్వాడు. అవ్వ చెయ్యి అప్పటికే సగం లేచింది. ఏం చెప్పాలో ఆమెకు తెలియదు. ఆ భాష రాదు. అక్షరాలు రావు, బడికి పోలేదు. లేచిన చేత్తో కొంగు సర్దుకుని, కాసేపటికి ఛాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.

బాపు ముఖంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు. నాకు తెలిసి మొదటిసారి ఎవరి చేతులూ చూడకుండా సినిమా చూశాడు. ఆయన్ని ఏమనగలను?

ఆ తర్వాత ఆయనకు అదే పని. మలయాళం, కొరియా, ఎక్కడెక్కడివో. దుకాణపాయన తెచ్చిందే చూసిన మనిషి ఇప్పుడు రిమోట్ పట్టుకుని, ఒకటి నచ్చకపోతే ఇంకొకటి తిప్పేవాడు. అవ్వకు కూడా చెప్పమని ఒకరోజు ఆయనకు కాగితం మీద రాసి చూపించాను. పాపం, ప్రయత్నించాడు. అక్షరాలను పైకి చదివాడు. తన గొంతు తనకు వినబడదు కదా, కాసేపు అరుపులా, కాసేపు గొణుగుడులా వచ్చేది. ఆయన ఒక మాట పూర్తి చేసేలోపు తెర మీద మూడు మాటలు పోయేవి. అవ్వ ఆయన చెయ్యి మీద తట్టి ఆపింది.

"సదువుడే అయితుంది, బొమ్మ సూస్తలేవు. నాకొద్దు తియ్, నువ్వు సూడు."

నా ఫోనులో ఆమెకు తెలుగు సినిమాలు పెట్టి ఇచ్చాను. దాన్ని అద్దంలా చేతిలో పట్టుకుని కాసేపు చూసి పక్కన పెట్టేది. ఒక్కదాన్నే చూస్తే నిద్ర వస్తుందనేది. వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. ముందు గదిలో నుంచి బాపు నవ్వు వినబడేది. ఒకసారి నన్నడిగింది, ఈ సినిమాలను ఎవరు తెచ్చి పెడతారని. ఎవరూ తేరని చెప్పాను. అయితే ఎట్లుందని అడిగేటోళ్లు కూడా ఉండరన్నమాట, అంది.

మొన్న వానాకాలం అవ్వకు జ్వరం వచ్చి ఊపిరితిత్తులకు పాకింది. ఆసుపత్రిలో ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. మాట లేదు. నేను ఏది అడిగినా కళ్లు మూసుకునేది. మధ్యాహ్నం బాపు వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. అవ్వ చెయ్యి లేపింది. సూది గుచ్చిన చెయ్యి. మెల్లగా ఏదో చెప్పింది. బాపు తల ఊపాడు. ఆయనా చేతులతోనే ఏదో అడిగాడు. ఆమె వేళ్లు తిప్పింది, ఛాతీ ముట్టుకుంది, నావైపు చూపించింది, మళ్లీ తిప్పింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. మధ్యలో ఒకసారి ఇద్దరూ నవ్వారు కూడా. హీరో, హీరోయిన్, పోలీసు, చావు, ఇవే నాకు తెలిసిన సైగలు. అవేవీ అందులో లేవు. చెవులున్నదాన్ని, ఏమీ అర్థంకాక గోడ పక్కన నిలబడ్డాను.

బయటికొచ్చాక ఏమన్నదని అడిగాను. ఏంలేదు బిడ్డా, ఊకె ముచ్చట వెట్టినం, అన్నాడు. ఆ వారంలోనే అవ్వ పోయింది.

కొన్నాళ్లు బాపు టీవీ ముట్టలేదు. తర్వాత ఒక సాయంత్రం తనే పెట్టుకున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. కాసేపు చూసి రిమోట్ నా చేతికిచ్చాడు.

"గా అక్షరాలు తీసెయ్యొస్తదా?"

నేను నోరు కదిపి, చేతులతో కూడా, మరి ఎట్లా అర్థమవుతుందని అడగబోయాను. నా చేతులు ఎటో పోయాయి. ఆయనకు నా ప్రశ్న అర్థమైంది.

"సమజ్ కాకుంటే కాకపాయె," అన్నాడు.

తీసేశాను. తెర మీద మనుషులు నోళ్లు కదుపుతున్నారు. ఆయన ఓ కంటితో తెరనూ ఓ కంటితో ఎదురుగా అవ్వ కూర్చునే చోటునూ చూస్తున్నాడు. నాకు వాళ్ల మాటలు వినబడుతున్నాయి గానీ, ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. సినిమా అయిపోగానే ఇంకొకటి దానంతట అదే మొదలైంది.