రెండు కాగితాల ఉత్తరం

మా పెరటి చెట్టు కాయ ఒకటి మోయడానికి ఇద్దరు మనుషులు పట్టారని, అందులో ఒకడికి నడుం పట్టేసిందని నూజివీడంతా నమ్మించినవాణ్ణి నేను. ఇది మాత్రం అలాంటిది కాదు. అయితే బాగుండేది.

ఎనభైల్లో మామిడికాయల కమీషన్ కొట్లో టైపిస్టుగా ఉండేవాణ్ణి. వేసవి రాగానే నాగపూర్ షావుకార్లకు ఇంగ్లీషులో ఉత్తరాలు పంపాలి: ఏ తోట, ఏ రకం, లారీ ఏ రోజుకు రావాలి. ఒక్కో కవర్లో రెండు కాగితాలు పెట్టేవాళ్లం. ఒకటి రంగులది; సైక్లోస్టైల్ మిషను మీద మూడుసార్లు తిప్పితే చుట్టూ మామిడి పిందెల అంచు పడేది. ఎండకు ఆ రంగు అలుక్కుపోయేది కనక, అదే సంగతి ముక్తసరిగా కొట్టిన సాదా కాగితం వెనకాల ఉండేది.

"అది చూసుకోడానికి, ఇది చదువుకోడానికి. రెంట్లో ఒకటే మాట ఉండాలయ్యా," అనేవారు మా కొట్టు యజమాని.

సాదా కాగితం అచ్చు తీసే మైనపు స్టెన్సిల్ ఏటా కొత్తది కొనేవాళ్లం కాదు. పాతదాని మీద తేదీ ఉన్నచోట తప్పులు దిద్దే ఎర్ర మందు పూసి, ఆరాక కొత్త తేదీ కొట్టేవాళ్లం.

ఆ ఏడు మా వీధిలో అక్క ఒకావిడ, మొగుడు పోయాక, విస్సన్నపేట రోడ్డులో రసాల తోట ఒంటరిగా కౌలుకు తీసుకుంది. ఆడదానికి కాపు అమ్ముకోవడం చేతకాదని మరుదులు నవ్వారు.

"తమ్ముడూ, రసం ఆగదు. ఏడున కోయిస్తా, ఎనిమిదిన లారీ గుమ్మంలో ఉండాలి. నీదే భారం," అంది.

"లారీ ఏంటక్కా, రైలునే తోటలోకి తోలిస్తా," అన్నాను.

రంగుల కాగితం మీద రెచ్చిపోయాను. ఈ పండు కొరికితే మూడు రోజులు మూతి తియ్యగా ఉంటుందని, తోట పక్క నుంచి పోయే ఎడ్లు కదలవని రాశాను. ఎనిమిదో తేదీ అందంగా కొట్టాను. ఆ మురిపెంలో ఆ తోట పాత సాదా స్టెన్సిల్ మీద తేదీ మార్చనే లేదు. కిందటేటి ఇరవయ్యో తేదీతోనే కవరు వెళ్లిపోయింది.

ఎనిమిదిన లారీ రాలేదు. తొమ్మిదిన హనుమాన్ జంక్షన్‌లో నిలబడి వచ్చే ప్రతి లారీ నెంబరూ చూశాను. మూడు రోజులకు నాగపూర్‌కు ట్రంక్ కాల్ కలిస్తే, బావిలోంచి వచ్చినట్టు ఒక గొంతు, "కాగితంలో ఉన్న రోజుకే వస్తాం," అని పెట్టేసింది. అక్కకు పోస్టాఫీసు వాళ్లు కవరు తిప్పి తిప్పి పంపారని చెప్పాను. నమ్మింది. అక్క ఇక్కడే ఎవరినైనా పట్టుకుని అమ్మేస్తానంటే, రేపొస్తుంది, ఎల్లుండొస్తుందని ఆపిందీ నేనే. షెడ్డులో గడ్డి కింద కాయ పండింది, చితికింది, నీరు కారింది. తాండ్రకు అడిగినవాళ్లు కూడా వాసన చూసి వెనక్కి తిరిగారు.

ఇరవయ్యో తేదీన, చెప్పిన వేళకు, లారీ వచ్చింది. డ్రైవరు కవరు చేతిలో పెట్టుకునే దిగాడు. షావుకారు గుమస్తా రెండు తేదీలూ చూశాడట. "రంగుల కాగితం నిండా అబద్ధాలే, అది నమ్మొద్దు, సాదాది నమ్ము, అన్నాడండీ," అని వచ్చీరాని తెలుగులో చెప్పాడు.

అక్క ఆ రెండు కాగితాలూ తీసుకుని బుట్ట మీద పక్కపక్కన పరిచింది. ఇంగ్లీషు రాదు. వేలు పెట్టి చూపించింది.

"ఇది ఎనిమిది. ఇది ఇరవై. అంకెలు నాకొచ్చు తమ్ముడూ."

నాకు ఒక్క అబద్ధమూ తోచలేదు. ఆమె ఏడవలేదు. తిట్టినా బాగుండేది.

మరుసటి వేసవి కొట్టు పని మీద ఆ తోటకే వెళ్లాను. కౌలు వేరేవాళ్లది. అక్క కూలీల వరుసలో కూర్చుని బుట్టల్లో గడ్డి పరుస్తోంది. దగ్గరకెళ్లి నిలబడ్డాను. తలెత్తి చూసి, చేతులు దులుపుకుంది.

"మేస్త్రి అటున్నాడండీ," అంది.