కదలని అంకె

పసికందులను వెచ్చగా ఉంచే పెట్టెలకు ఎలక్ట్రానిక్ బోర్డులు తయారుచేసే ఆ గదిలో ఆవిడను అందరూ అనుమానాలక్క అంటారు. యుఎస్‌బీ తీగ గుండా బోర్డు కంప్యూటర్ తెర మీదికి పంపే ఏ మాటనూ ఆవిడ ఊరికే నమ్మదు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముందు తీగను కదిపి చూస్తుంది, తర్వాత వేడి కొలిచే సెన్సర్ మీద నోటితో ఊదుతుంది, ఆ పైన పక్కవాళ్ళ ముఖాలు చూస్తుంది. ఆ రోజు ఎంత ఊదినా తెర మీద "వేడి 36.5, అంతా బాగుంది" అన్న వరుసే దిగుతోంది.

"బాగుందంటోందిగా అక్కా, ఇక పంపించేద్దాం," అన్నాడు పక్క బల్ల దగ్గరి సహోద్యోగి.

"అనడానికేం, ఎన్నైనా అంటుంది. నువ్వేమైనా కెలికావా?" అంటూ ఆవిడ సెన్సర్‌నే ఊడబీకేసింది. అయినా అదే వేడి, అంతా బాగుంది. అతణ్ణి కొరకొరా చూసి, ప్రోగ్రామ్ తెరిచి, ఒక్కొక్క వరుసనే వేలితో తడుముతూ వచ్చి ఒకచోట ఆగిపోయింది. సెన్సర్లు ఇంకా రాకముందు, తెర పనిచేస్తుందో లేదో చూద్దామని 36.5 అన్న ఆ అంకెను అక్కడ రాసింది తనే. తీసేయడం మరిచిపోయింది.

"నువ్వు కాదు, నేనే," అంది నీరసంగా. ఆ వరుస చెరిపేసి, ప్రోగ్రామ్‌ను మళ్ళీ ఎక్కించి, సెన్సర్ తగిలించి, బోర్డును అతని ముందుకు జరిపింది. "నేను చూస్తే చాలదు. నువ్వు ఊదు."

అతను ఊదాడు. అంకె కదిలింది.

"ఇంకోసారి," అంది ఆవిడ.